మీకు తెలుసా? కంప్యూటర్‌ని ప్రేమించిన డాక్టర్లు

పదో తరగతి ఫలితాలు వచ్చీరాగానే తెలుగు ఇళ్ళలో ఒక విషయం తేలిపోవాలి: ఎంపీసీనా, బైపీసీనా? బైపీసీ అన్న పిల్లలు ఆ రోజుతో లెక్కలకు దూరమవుతారు. ఎంపీసీ అన్నవాళ్ళు జీవశాస్త్రం పుస్తకం మూసేస్తారు. పదహారేళ్ళ వయసులో గీసిన ఈ గీత చాలామందికి జీవితాంతం అలాగే ఉండిపోతుంది. ఎంబీబీఎస్‌లో చేరాక కూడా రాత్రిళ్ళు హాస్టల్ గదిలో ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లల్ని చూసి పెద్దవాళ్ళు బెంగపడతారు. ఆ బెంగను నేను తేలిగ్గా తీసుకోను. వైద్యవిద్య మనిషి దగ్గరున్న సమయాన్నంతా అడిగే చదువు. కానీ ఈ రెండు ఇష్టాలనూ వదలకుండా మోసినవాళ్ళు చేసిన పనులు తెలిస్తే ఆ బెంగ కొంతైనా తగ్గుతుందని నా నమ్మకం.

ఐబీఎం పుట్టుక వెనుక ఒక సైనిక వైద్యుడు ఉన్నారని మీకు తెలుసా? ఆయన పేరు జాన్ షా బిల్లింగ్స్. అమెరికా అంతర్యుద్ధంలో గాయపడ్డ సైనికులకు శస్త్రచికిత్సలు చేసినవారు. తర్వాత అక్కడి జనాభా లెక్కల్లో జనన మరణాల గణాంకాల బాధ్యత ఆయన మీద పడింది. 1880 నాటి లెక్కలన్నీ చేత్తో కూడి తేల్చడానికి ఏళ్ళకేళ్ళు పట్టింది. ఆ కార్యాలయంలోనే పనిచేస్తున్న హెర్మన్ హోలరిత్ అనే కుర్ర ఇంజనీరు ఒక ఆదివారం సాయంత్రం బిల్లింగ్స్ ఇంటికి భోజనానికి వెళ్ళాడు. ఇంత యాంత్రికమైన కూడికల పనికి ఒక యంత్రం ఉండి తీరాలని డాక్టరుగారు ఆ రోజు అన్నారట. తన ఆలోచన అక్కడే మొదలైందని హోలరిత్ చాలా ఏళ్ళ తర్వాత ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. చిల్లులు పొడిచిన కార్డులను చదివి లెక్కగట్టే యంత్రం అలా తయారైంది. తొలిరోజుల్లో దాన్ని పరీక్షించింది బాల్టిమోర్ నగరంలోని మరణాల లెక్కల మీద. 1890 జనాభా లెక్కలు దానితోనే చేశారు. హోలరిత్ పెట్టిన కంపెనీ 1911లో మరికొన్ని కంపెనీలతో కలిసింది. 1924లో వాటి ఉమ్మడి సంస్థ ఐబీఎం అని పేరు మార్చుకుంది.

బిల్లింగ్స్ చేసిన ఇంకో పని గురించి ప్రతి మెడికోకూ తెలియాలి. ప్రపంచంలో అచ్చవుతున్న వైద్య వ్యాసాలన్నిటికీ విషయాలవారీగా ఒక సూచిక ఉండాలని ఆయన పట్టుబట్టి 1879లో ‘ఇండెక్స్ మెడికస్’ మొదలుపెట్టారు. ఆ సూచికే 1964లో కంప్యూటర్‌లోకి ఎక్కి మెడ్‌లార్స్ అయింది. 1971లో మెడ్‌లైన్ అయింది. 1996లో పబ్‌మెడ్‌గా ఇంటర్నెట్‌లోకి వచ్చింది. ఈ రోజు వరంగల్‌లోనో కర్నూలులోనో ఒక పీజీ విద్యార్థి థీసిస్ కోసం నైట్ డ్యూటీ మధ్యలో ఫోన్‌లో వెతుకుతున్నది ఆ డాక్టరు మొదలుపెట్టిన జాబితాకు వారసుల్లోనే.

ఇప్పుడు అందరి నోటా నానుతున్న కృత్రిమ మేధకు పునాదిరాయి లాంటి వ్యాసం రాసిన ఇద్దరిలో ఒకరు డాక్టరే. నాడీవ్యవస్థ మీద పనిచేసిన మనోవైద్యుడు వారెన్ మెకలక్. రెండోవాడు వాల్టర్ పిట్స్ అనే కుర్రాడు. గణితంలో అపారమైన ప్రజ్ఞ ఉన్నవాడు, కానీ తలదాచుకునే చోటు లేదు. జెరోమ్ లెట్విన్ అనే వైద్య విద్యార్థి ఇద్దరినీ కలిపాడు. మెకలక్ ఆ కుర్రాణ్ణి తన ఇంట్లోనే పెట్టుకున్నారు. ఇంట్లోవాళ్ళు నిద్రపోయాక ఇద్దరూ కూర్చుని, మెదడులోని నాడీకణాన్ని ‘అవును, కాదు’ అనే తర్కంతో ఎలా వర్ణించవచ్చో ఆలోచించారు. ఆ వ్యాసం 1943లో వచ్చింది. 1945లో జాన్ వాన్ న్యూమన్ ఆధునిక కంప్యూటర్ నిర్మాణాన్ని వివరిస్తూ రాసిన ప్రసిద్ధ నివేదికలో పేర్కొన్న ప్రచురిత వ్యాసం ఇదొక్కటే. పగలు ఆసుపత్రి, రాత్రి గణితం. ఆ రాత్రుల విలువ ప్రపంచానికి బాగా తెలియడానికి అరవై డెబ్బై ఏళ్ళు పట్టింది.

ఇక రాబర్ట్ లెడ్లీ కథ మన ఇళ్ళలో జరిగినట్టే ఉంటుంది. న్యూయార్క్ కుర్రాడు. భౌతికశాస్త్రం చదువుతానన్నాడు. దానితో బతుకు గడవదు, ముందు డెంటిస్టువు కమ్మని తల్లిదండ్రులు పట్టుబట్టారు. ఆయన వాళ్ళ మాట కాదనలేదు, తన ఇష్టాన్నీ వదల్లేదు. పగలు దంతవైద్య కళాశాలకు వెళ్ళి, సాయంత్రం రైలెక్కి కొలంబియా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం పాఠాలకు వెళ్ళేవారు. రెండు పట్టాలూ సంపాదించారు. మరి ప్రోగ్రామింగ్ ఎవరు నేర్పారు? ఆయన భార్య వాషింగ్టన్‌లో సియాక్ అనే తొలితరం కంప్యూటర్ మీద ప్రోగ్రామరుగా పనిచేసేవారు. ఆమె ఇంటికి తెచ్చిన ప్రోగ్రాములు, పుస్తకాలు చూస్తూ లెడ్లీ సొంతంగా నేర్చుకున్నారు.

ఆ తర్వాత ఆయన చేసినవి రెండు మహత్తరమైన పనులు. రేడియాలజిస్టు లీ లస్టెడ్‌తో కలిసి 1959లో ‘సైన్స్’ పత్రికలో రాసిన వ్యాసం మొదటిది. డాక్టరు రోగాన్ని నిర్ధారించేటప్పుడు మనసులో జరిగేదేమిటి? లక్షణాలను చూసి, ఏ జబ్బు ఎంత సంభావ్యమో తూచుకోవడం. దీన్ని తర్కంలో, సంభావ్యత సూత్రాల్లో రాయవచ్చని ఆ ఇద్దరూ చూపించారు. కంప్యూటర్‌తో రోగనిర్ధారణ గురించి ఆ తర్వాత వచ్చిన ఆలోచనలు చాలా వరకు ఈ వ్యాసానికి రుణపడి ఉన్నాయి. రెండోది శరీరంలో ఏ భాగాన్నయినా చిత్రించగల సీటీ స్కానర్. అప్పటికి హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు తయారుచేసిన యంత్రం తలను మాత్రమే స్కాన్ చేసేది. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో లెడ్లీ బృందం 1970ల మొదట్లో పూర్తి శరీరానికి పనికొచ్చే స్కానర్‌ను నిర్మించింది. పంటి డాక్టరు కాకుండా ఉంటే ఆయన ఇంకా గొప్ప శాస్త్రవేత్త అయ్యేవారా? నాకలా అనిపించదు. జబ్బు మనిషిని దగ్గరగా చూసిన చదువు ఆయనకు ఏ లెక్క వేయాలో చూపించింది.

డాక్టరు కన్నా కంప్యూటరే సరిగ్గా చెప్పిన సందర్భం 1972లోనే నమోదైంది. ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరంలో డి డొంబాల్ అనే సర్జన్ తీవ్రమైన కడుపునొప్పితో వచ్చే రోగుల మీద పనిచేశారు. అపెండిసైటిసా, పిత్తాశయమా, పేగు అడ్డంకా అన్నది తేల్చడం ఎంత కష్టమో క్యాజువాలిటీలో కూర్చున్నవాళ్ళకు తెలుసు. ఆయన 304 మంది రోగుల లక్షణాలను కంప్యూటర్‌కు ఇచ్చారు. కంప్యూటర్ 91.8 శాతం సరిగ్గా చెప్పింది. ఆ రోగులను చూసిన సీనియర్ డాక్టర్లు 79.6 శాతం సరిగ్గా చెప్పారు. ఈ అంకెలు చాలాచోట్ల కనిపిస్తాయి. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ తర్వాత బయటపడిన సంగతి. ఆ పరీక్ష జరుగుతున్న కాలంలో డాక్టర్ల నిర్ధారణ కూడా మెరుగుపడింది. పరీక్ష ఆగిపోయాక మళ్ళీ పాత స్థాయికి వచ్చింది. కంప్యూటర్‌కు చెప్పాలంటే ప్రతి లక్షణాన్నీ ఒక పద్ధతిలో అడిగి రాసుకోవాలి. ఆ క్రమశిక్షణే వైద్యుడికి మేలు చేసి ఉంటుంది.

స్టాన్‌ఫర్డ్‌లో ఎడ్వర్డ్ షార్ట్‌లిఫ్ వైద్యవిద్య, కంప్యూటర్ పరిశోధన ఒకేసారి చదివారు. ఆయన రాసిన మైసిన్ ప్రోగ్రాములో సుమారు 600 నియమాలు ఉండేవి. రక్తంలో చేరిన బ్యాక్టీరియాకు, మెనింజైటిస్‌కు ఏ యాంటీబయాటిక్ ఇవ్వాలో అది చెప్పేది. ఎందుకలా చెప్పిందో అడిగితే కారణం కూడా చూపించేది. 1979లో పేర్లు దాచి నిపుణులతో పరీక్షిస్తే, మైసిన్ సూచించిన చికిత్సకు 65 శాతం ఆమోదం వచ్చింది. అదే విశ్వవిద్యాలయంలోని అధ్యాపకులకు వచ్చింది 42.5 నుంచి 62.5 శాతం. అయినా దాన్ని ఆసుపత్రిలో రోగులకు ఎప్పుడూ వాడలేదు. ప్రతి వివరమూ చేత్తో టైపు చేయాల్సి రావడంతో ఒక్కో కేసుకు చాలా సేపు పట్టేది. పొరపాటు జరిగితే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు జవాబు లేదు. ఈ ప్రశ్న ఇప్పటికీ అలాగే ఉంది.

1972లో ఒక కంప్యూటర్ రోగి, ఒక కంప్యూటర్ డాక్టరుతో మాట్లాడింది. రోగి పేరు ప్యారీ. దాన్ని రాసింది కెనెత్ కోల్బీ అనే మనోవైద్యుడు. అందరూ తన మీద కుట్ర పన్నుతున్నారని అనుమానించే మనిషిలా అది జవాబులు ఇచ్చేది. ఎలైజా అనే ఇంకో ప్రోగ్రాములోని డాక్టరుతో ప్యారీ సంభాషణ ఇంటర్నెట్‌కు ముందు తరమైన ఆర్పానెట్ మీద నడిచింది. నిజమైన రోగుల మాటలు, ప్యారీ మాటలు కలిపి మనోవైద్యులకు ఇస్తే, ఏది ఎవరిదో దాదాపు సగం సార్లు మాత్రమే సరిగ్గా గుర్తుపట్టగలిగారు.

రోగిని నేరుగా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టిన తొలి డాక్టర్లలో వార్నర్ స్లాక్ ఒకరు. 1960ల మధ్యలో విస్కాన్సిన్‌లో లింక్ అనే చిన్న కంప్యూటర్ తెర మీద ఒక్కో ప్రశ్న వస్తుంటే, అలర్జీ చరిత్రను రోగులే మీటలు నొక్కి చెప్పుకున్నారు. తన జబ్బు గురించి ఎక్కువ తెలిసినది రోగికే, ఆ తెలివిని వైద్యం వాడుకోవాలన్నది స్లాక్ జీవితాంతం వదలని మాట. ఆయన దగ్గర వైద్యంలో కంప్యూటర్ల గురించి పాఠం విన్నవారిలో జూడీ ఫాక్నర్ ఒకరు. ఆమె 1979లో స్థాపించిన ఎపిక్ సంస్థ సాఫ్ట్‌వేర్ మీదే ఇవాళ అమెరికాలో ఎందరో తెలుగు డాక్టర్లు రోజూ రోగుల వివరాలు నమోదు చేస్తున్నారు.

ఆ ఎపిక్ సాఫ్ట్‌వేర్‌కు ఆధారమైన కంప్యూటర్ భాష పుట్టింది ఒక ఆసుపత్రిలోనని తెలుసా? బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ ఆక్టో బార్నెట్ ప్రయోగశాల అది. 1966–67లో అక్కడ తయారైన మంప్స్ భాషను రూపొందించినవారిలో రాబర్ట్ గ్రీన్స్ వైద్యవిద్య చదివినవారే. ఆసుపత్రి సమాచారం ఆఫీసు లెక్కల్లా ఉండదు. ఒక రోగికి రెండు రక్తపరీక్షలు ఉంటే ఇంకొకరికి రెండు వందలు ఉంటాయి. ఒకేసారి అనేక వార్డుల నుంచి అడుగుతుంటారు, జవాబు వెంటనే కావాలి. ఆ అవసరాన్ని వార్డులో చూసినవాళ్ళు దగ్గరుండటంతో భాష దానికి తగ్గట్టు తయారైంది.

అదే భాషతో అమెరికాలోని మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ఇంకో కథ నడిచింది. 1970ల చివర్లో వేర్వేరు ఊళ్ళలోని కొందరు డాక్టర్లు, ప్రోగ్రామర్లు తమ ఆసుపత్రికి కావలసిన చిన్న చిన్న ప్రోగ్రాములు తామే రాసి ఒకరితో ఒకరు పంచుకోవడం మొదలుపెట్టారు. కంప్యూటర్ల పనంతా కేంద్ర కార్యాలయం నుంచే జరగాలన్న పై అధికారులకు ఇది నచ్చలేదు. అయినా వాళ్ళు పట్టు వదల్లేదు. హార్డ్‌హ్యాట్స్ అని తమకు తామే పేరు పెట్టుకున్నారు. 1982లో ఆ పనికి అధికారిక ఆమోదం దొరికింది. తర్వాత విస్టా అన్న పేరుతో అది దేశమంతటి మాజీ సైనికుల ఆసుపత్రులకూ విస్తరించింది. తాము వాడాల్సిన పనిముట్టును తామే చేసుకున్నవాళ్ళ మీద నాకున్న గౌరవం ఇంతా అంతా కాదు.

ఈ మొత్తం చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరిశోధన క్లెమ్ మెక్‌డొనాల్డ్ అనే డాక్టరుది. ఇండియానాపొలిస్‌లోని రీగన్‌స్ట్రీఫ్ సంస్థలో ఆయన ఓపీ రోగుల వివరాలు కంప్యూటర్‌లో పెట్టించారు. ఫలానా మందు వాడుతున్న రోగికి ఫలానా పరీక్ష చేయించాలి, ఈ ఫలితం వస్తే మోతాదు మార్చాలి అని డాక్టరుకు ముందుగానే గుర్తుచేసే చీటీలు అచ్చయ్యేట్టు చేశారు. 1976లో ఫలితాలు ప్రకటించారు. చీటీ అందినప్పుడు డాక్టర్లు 51 శాతం సందర్భాల్లో చేయాల్సిన పని చేశారు. చీటీ లేనప్పుడు చేసింది 22 శాతం సందర్భాల్లోనే. డాక్టర్లు వాళ్ళే, చదువూ అదే. తెలియక వదిలేసినవి కావవి. రద్దీగా ఉన్న ఓపీలో మనిషి జ్ఞాపకం అన్నిటినీ పట్టుకోలేదు, అంతే. తప్పును మనిషి స్వభావం మీదికి నెట్టకుండా మనిషి పరిమితిగా చూసిన ఈ చూపు రోగుల మధ్య నిలబడ్డ ప్రోగ్రామరుకే వస్తుంది. మన ప్రభుత్వాసుపత్రుల ఓపీల్లో ఒక్క ఉదయంలో ఎంతమందిని చూస్తారో తెలిసినవారికి ఈ 22 శాతం అంకె గుండెల్లో గుచ్చుకుంటుంది.

డాక్టరు దారి వదిలేసినవాళ్ళూ ఉన్నారు. మైకేల్ డెల్‌ను డాక్టరుగా చూడాలని తల్లిదండ్రులు కోరుకున్నారు. ఆ దారిలోనే టెక్సస్ విశ్వవిద్యాలయంలో చేరి, 1984లో హాస్టల్ గదిలో వెయ్యి డాలర్లతో కంప్యూటర్ల వ్యాపారం మొదలుపెట్టి చదువు వదిలేశారు. హార్వర్డ్‌లో వైద్య పట్టా పుచ్చుకుని కూడా ప్రాక్టీసు పెట్టని నవలాకారుడు మైకేల్ క్రైటన్ 1983లో కంప్యూటర్ల మీద మామూలు పాఠకులకు పుస్తకం రాశారు. సినిమా బడ్జెట్టు, షెడ్యూలు వేసే సాఫ్ట్‌వేర్‌కు 1995లో సాంకేతిక విభాగంలో ఆస్కార్ గుర్తింపు అందుకున్నారు. ‘జురాసిక్ పార్క్’ రాసింది ఆయనే.

వీడియో గేములు ఆడే పిల్లల తల్లిదండ్రులకు ఒక కబురు. జేమ్స్ రోసర్ అనే సర్జన్ న్యూయార్క్‌లో 33 మంది సర్జన్ల మీద చేసిన అధ్యయనం 2007లో అచ్చయింది. గతంలో వారానికి మూడు గంటలకు మించి గేములు ఆడినవాళ్ళు లాపరోస్కోపీ సాధనలో 37 శాతం తక్కువ తప్పులు చేశారు, పని 27 శాతం వేగంగా ముగించారు. చేతులు ఒకచోట, చూపు తెర మీద ఉండే నైపుణ్యం రెండింటికీ ఒకటే. అయితే ఇది చిన్న అధ్యయనం. గేములే వాళ్ళను మంచి సర్జన్లను చేశాయని దీన్నుంచి తేల్చలేం.

మన దగ్గర? హైదరాబాదులో గుండె వైద్యుడు బి. సోమరాజు, అబ్దుల్ కలాంతో కలిసి తక్కువ ధర స్టెంటు తయారుచేయించిన సంగతి చాలామందికి తెలుసు. అదే ఇద్దరూ 2012లో గ్రామీణ వైద్యానికి పనికొచ్చే గట్టి టాబ్లెట్ కంప్యూటర్‌ను రూపొందించారని తెలిసినవారు తక్కువ. దాని పేరు కలాం–రాజు టాబ్లెట్. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి 2010 నుంచి ఐస్మార్ట్ అనే సొంత రికార్డుల వ్యవస్థను వాడుతోంది. దాన్ని నడిపించింది ఆంథొనీ విపిన్ దాస్ అనే కంటి డాక్టరు. లక్షల మంది రోగుల వివరాలు ఒకే పద్ధతిలో చేరడంతో, మన ప్రాంతంలో ఏ వయసులో ఏ కంటిజబ్బు ఎలా వస్తుందో చెప్పే పరిశోధన పత్రాలు వరుసగా వచ్చాయి. కాగితం కేస్ షీట్ల గుట్టల నుంచి ఇది సాధ్యమయ్యేది కాదు.

మధుమేహం వల్ల కంటి రెటీనాకు జరిగే నష్టాన్ని ఫొటో చూసి గుర్తించే గూగుల్ ప్రోగ్రాము గురించి వినే ఉంటారు. 2016 నాటి ఆ పరిశోధనకు నాయకత్వం వహించినవారిలో లిలీ పెంగ్ డాక్టరు. సుమారు 1,28,000 ఫొటోలతో దానికి శిక్షణ ఇచ్చారు. ఆ ఫొటోల్లో కొన్ని అరవింద్, శంకర నేత్రాలయ, నారాయణ నేత్రాలయ ఆసుపత్రుల నుంచి వెళ్ళాయి.

కెన్యాలో హెచ్‌ఐవీ రోగుల సంఖ్య రికార్డులు రాసే చేతులకు అందనంతగా పెరిగినప్పుడు బర్క్ మామ్లిన్, పాల్ బియాండిచ్ అనే ఇద్దరు డాక్టర్లు 2004లో ఓపెన్‌ఎంఆర్‌ఎస్‌కు శ్రీకారం చుట్టారు. ఎవరైనా ఉచితంగా తీసుకుని మార్చుకోగల సాఫ్ట్‌వేర్ అది. దాని మీద కట్టిన బామ్నీ వ్యవస్థ ఛత్తీస్‌గఢ్‌లోని గనియారీ గ్రామంలో, జన్ స్వాస్థ్య సహయోగ్ డాక్టర్లు నడిపే ఆసుపత్రి అవసరాల నుంచి పుట్టింది. ఇప్పుడది అనేక దేశాల్లో వాడుకలో ఉంది.

రెండో వైపు కూడా చెప్పాలి. 2016లో అమెరికాలో డాక్టర్లను పక్కనుండి గమనించిన అధ్యయనం ప్రకారం, రోగితో గడిపిన ప్రతి గంటకూ దాదాపు రెండు గంటలు కంప్యూటర్ రికార్డులకు, బల్ల మీది పనికి పోతున్నాయి. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి స్టాన్‌ఫర్డ్‌లో పాఠాలు చెబుతున్న అబ్రహాం వర్గీస్ 2008లోనే ఈ ప్రమాదం గురించి హెచ్చరించారు. తెర మీది రోగిని అందరూ శ్రద్ధగా చూసుకుంటున్నారు, మంచం మీది రోగి మాత్రం తన దగ్గరికి ఎవరొస్తారా అని ఎదురుచూస్తున్నాడన్నది ఆయన ఆవేదన. ఆ తెరలను తయారుచేసే గదుల్లో వార్డు తెలిసినవాళ్ళు మరింతమంది ఉండాలనడానికి నాకు ఇంతకన్నా బలమైన కారణం కనిపించదు.

సాఫ్ట్‌వేర్ రాయకపోయినా చేయగల పని ఉంది. కెనడాలో అత్యవసర విభాగం డాక్టరు జేమ్స్ హైల్మన్ రద్దీ లేని ఒక నైట్ డ్యూటీలో వికీపీడియాలో స్థూలకాయం గురించిన వ్యాసం తప్పులతో ఉండటం చూసి దిద్దడం మొదలుపెట్టారు. తర్వాత వేలాది వైద్య వ్యాసాల నాణ్యత కోసం పనిచేశారు. కేరళకు చెందిన డాక్టర్ నేతా హుస్సేన్ కోవిడ్ కాలంలో టీకాల మీద తప్పుడు ప్రచారానికి జవాబుగా వికీపీడియాలోనే వ్యాసాలు రాశారు. తెలుగులో ఈ పని చేయడానికి చోటు చాలా ఉంది.

మరి వైద్యాన్ని, కంప్యూటర్‌ని కలిపే ఈ పనినే వృత్తిగా చేసుకోవచ్చా? అమెరికాలో క్లినికల్ ఇన్ఫర్మాటిక్స్ 2011లో గుర్తింపు పొందిన వైద్య ఉపవిభాగమైంది, 2013 నుంచి పరీక్ష నిర్వహిస్తున్నారు. మన దేశంలో ఐఐటీ ఖరగ్‌పూర్ ఎంబీబీఎస్ పూర్తిచేసినవారి కోసం వైద్యశాస్త్రాన్ని, సాంకేతికతను కలిపి మూడేళ్ళ మాస్టర్స్ కోర్సు నడుపుతోంది. బైపీసీ నుంచి వచ్చినవాళ్ళకు లెక్కలు అడ్డమనిపిస్తే, సంభావ్యత, గణాంకశాస్త్రంతో మొదలుపెట్టమని చెబుతాను. కమ్యూనిటీ మెడిసిన్‌లో వాటి రుచి ఎలాగూ చూసే ఉంటారు. మొదటి ప్రోగ్రాము మీ వార్డులో రోజూ చేత్తో చేసే ఏదో ఒక చిన్న లెక్కకు రాయండి: పిల్లల బరువుకు తగ్గ మందు మోతాదు, సెలైన్ చుక్కల వేగం. రాసినదాన్ని సీనియర్ చేత సరిచూపించకుండా ఎవరికీ వాడకండి. రోగుల వివరాలతో పరిశోధన చేయాలనుకుంటే ముందు కాలేజీలోని ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోండి, పేర్లు, ఫోన్ నంబర్లు తీసేశాకే ఫైలు మీ ల్యాప్‌టాప్‌లోకి రావాలి.